కాటన్ అంటే పత్తి కాదు: యూరప్ ఇంటిపేరుకు అర్థం ఎలా తేల్చాలి

ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొర ఇంటిపేరు వింటే మనకు పత్తి గుర్తొస్తుంది. ఆ పేరుకీ పత్తికీ ఏ చుట్టరికమూ లేదు. పాత ఇంగ్లిషులో ‘కాట్’ అంటే గుడిసె, ‘కాటుమ్’ అంటే గుడిసెల దగ్గర. ఆ మాట మీద ఇంగ్లండులో కాటన్, కోటన్ అనే ఊళ్లు ఎన్నో వెలిశాయి. ఆ ఊళ్లనుంచి వేరేచోటికి వెళ్లినవాళ్లను ఆ ఊరిపేరుతో పిలిచారు. మన తాడేపల్లివారు, కొత్తపల్లివారు ఏర్పడినట్టే.

కాబట్టి పని వరస ఇదీ: ముందు చోటు, తర్వాత కాలం, ఆ తర్వాత పేరు పాత రూపం. అర్థం అన్నిటికంటే ఆఖర్న. చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు. ముందు అర్థం వెతుక్కుని, దానికి సరిపడా తాతముత్తాతల కథ అల్లుకుంటారు.

యూరప్ ఇంటిపేర్లు దాదాపు అన్నీ నాలుగు మూలాల్లో ఒకదానికి చెందుతాయి. తెలుగువాళ్లకు పరిచయమైన పేర్లతోనే చూద్దాం. కాటన్‌ది ఊరిపేరు. సి.పి. బ్రౌన్‌ది మారుపేరు: ఎప్పుడో ఒక మనిషి జుట్టో, ఒంటి చాయో, కట్టుకునే బట్టో గోధుమరంగులో ఉండి అలా పిలిచి ఉంటారు (కొన్ని బ్రౌన్ కుటుంబాలకు ‘బ్రూన్’ అనే పాత మనిషిపేరు కూడా మూలమే). కైఫీయతులు (ఊళ్ల చరిత్రలు) సేకరించిన కాలిన్ మెకంజీది తండ్రిపేరు: గేలిక్ భాషలో ‘మాక్’ అంటే కొడుకు, మిగతాది ఇంగ్లిషులో కెన్నెత్ అయిన మనిషిపేరు. 1746లో జర్మనీలోని హాలెలో తెలుగు పుస్తకాలు అచ్చువేయించిన బెంజమిన్ షుల్ట్జ్‌ది పదవి: ‘షుల్ట్‌హైస్’ అంటే ఊళ్లో బకాయిలు వసూలు చేయించే పెద్ద, మన మునసబులాంటి వాడు. వృత్తులూ పదవులూ ఒకే గూట్లోవి.

మొదటి అడుగు: పేరును దాని లిపిలోనే, గుర్తులతో సహా రాసుకోండి

తెలుగు అక్షరాల్లో ఉన్న పేరుతో వెతుకులాట మొదలుపెట్టకండి. మనం ‘మేయర్’ అని రాసేసిన పేరు జర్మనీలో కనీసం ఐదు స్పెల్లింగుల్లో ఉంటుంది. అక్కడ అది భూస్వామి తరఫున పొలాలు చూసుకునేవాడి పేరు. అదే ఉచ్చారణకు దగ్గరగా ఇంగ్లిషులో ఉన్న పేరు ఊరి మేయరుదీ కావచ్చు, పాతకాలం వైద్యుడిదీ కావచ్చు. జర్మన్ అక్షరంమీది రెండు చుక్కలు, పోలిష్‌లో ‘ఎల్’ మీది అడ్డగీత, చెక్ భాషలో ‘ఆర్’ మీది కొక్కెం, ఇవన్నీ పేరులో భాగమే. అమెరికా కాగితాల్లో ఇవి రాలిపోతాయి. అందువల్లే అక్కడి ‘మిల్లర్’ ఒకప్పుడు ‘ముల్లర్’ అయి ఉండొచ్చు. రెండూ పిండిమర నడిపేవాడి పేర్లే కాబట్టి ఇక్కడ అర్థం చెడలేదు, కానీ మీరు వెతకాల్సిన దేశం మారిపోయింది.

తర్వాత, చేతిలో ఉన్న పేరులో ఇంటిపేరు ఏ ముక్కో తేల్చుకోండి. హంగరీవాళ్లు మనలాగే ఇంటిపేరు ముందు చెబుతారు. విదేశాల్లో మాత్రం తిప్పి రాస్తారు కాబట్టి కాగితం ఎక్కడ పుట్టిందో చూడాలి. స్పెయిన్‌లో రెండు ఇంటిపేర్లు, సాధారణంగా తండ్రిది ముందు, తల్లిది వెనక. పోర్చుగల్ ఆనవాయితీ దీనికి ఎదురు. రష్యాలో నడిమి పేరు చివర ‘ఒవిచ్’ ఉంటే అది తండ్రిపేరు మాత్రమే. డచ్ పేర్లలో ‘వాన్ డెన్ బెర్గ్’ను నెదర్లాండ్స్‌లో ‘బి’ అక్షరం కింద, బెల్జియంలో ‘వి’ కింద చూడాలి. ఈ తేడా తెలియక సూచికలో పేరే లేదని వదిలేసేవాళ్లు చాలామంది.

ఆడవాళ్ల పేరైతే ఇంకొక్క మెట్టు దిగాలి. కొవాల్స్కా అనే పేరును కొవాల్స్కీగా, నోవాకోవాను నోవాక్‌గా, ఇవనోవాను ఇవనోవ్‌గా మార్చుకున్నాకే నిఘంటువులో వెతకండి. లిథువేనియాలో ‘ఎనె’ అని ముగిస్తే పెళ్లయినామె, ‘ఐతె’, ‘ఈతె’, ‘ఉతె’ అయితే పెళ్లికానామె. ఐస్‌లాండ్‌లో పేరు చివర ‘దోత్తిర్’ ఉంటే అది ఇంటిపేరే కాదు, ఫలానావారి కూతురు అని. ఆమె అన్నదమ్ములకు అదే పేరు ‘సన్’తో ముగుస్తుంది. ఫ్రాన్స్, స్కాట్లండ్ రికార్డుల్లో పెళ్లయినా ఆడవాళ్లను పుట్టింటిపేరుతో వెతకొచ్చు. ఇది పెద్ద వెసులుబాటు.

రెండో అడుగు: ఆ దేశంలో పేర్లు ఎప్పుడు గడ్డకట్టాయో చూడండి

తండ్రి పీటర్ కొడుకు యెన్స్ అయితే ‘యెన్స్ పీటర్సన్’, యెన్స్ కొడుకు నీల్స్ అయితే ‘నీల్స్ యెన్సన్’. ఇలా తరం తరానికి మారే పేరు ఒకానొక తరంలో ఆగిపోయి, అక్కడినుంచి మనవలకూ మునిమనవలకూ అదే కొనసాగుతుంది. ఆ ఆగిన కాలం తెలిస్తే ఎంత వెనక్కి వెతకాలో తెలుస్తుంది. అంతకంటే వెనక్కి వెళ్లి అదే ఇంటిపేరు కోసం దేవులాడితే దొరికేది వేరే కుటుంబం.

ఇంగ్లండులో 1066లో నార్మన్లు గెలిచాక పెద్దింటివాళ్లతో మొదలై, 1400 నాటికి చాలామందికి స్థిరపడింది. వేల్స్‌లో చాలా ఆలస్యం, పల్లెల్లో 18వ శతాబ్దం దాకా సాగింది. డెన్మార్క్‌లో 1828 ఉత్తర్వు వచ్చినా జనం పెద్దగా పట్టించుకోలేదు, 1856లో మళ్లీ బిగించారు. స్వీడన్‌లో 1901, నార్వేలో 1923. నెదర్లాండ్స్‌లో నెపోలియన్ 1811 ఆగస్టు 18న ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం ఇంటిపేరు లేనివాళ్లు ఒకటి ఎంచుకుని నమోదు చేయించుకోవాలి. అప్పటికే చాలామందికి ఇంటిపేర్లు ఉన్నాయి కాబట్టి ప్రతి డచ్ పేరునూ 1811కి కట్టేయకండి. యూదులకు ఆస్ట్రియాలో 1787 నాటి చక్రవర్తి రెండో జోసెఫ్ ఉత్తర్వు, ఫ్రాన్స్‌లో 1808, ప్రష్యాలో 1812. ఫిన్లండ్‌లో ఇంకో తిరకాసు ఉంది: 1906 మే 12న వేలమంది ఒక్కసారిగా స్వీడిష్ పేర్లు వదిలేసి ఫిన్నిష్ పేర్లు పెట్టుకున్నారు. ఫిన్నిష్ పేరు కనబడగానే అది పాతదే అనుకోవడానికి వీల్లేదు.

మూడో అడుగు: తోక పట్టుకుని గూడు కనుక్కోండి

పేరు మొదట్లోనో చివర్లోనో ఉండే ముక్క చాలావరకు దారి చూపిస్తుంది. స్పానిష్‌లో ‘ఎజ్’, పోర్చుగీసులో ‘ఎష్’ ఉంటే తండ్రిపేరు: రోడ్రిగో కొడుకు రోడ్రిగెజ్, ఫెర్నాండో కొడుకు ఫెర్నాండెజ్. నార్మన్ ఫ్రెంచినుంచి వచ్చిన ‘ఫిట్జ్’ కూడా కొడుకనే. ఐరిష్ ‘ఓ’ అంటే మనవడు, వంశంవాడు. 1014లో చనిపోయిన రాజు బ్రియన్ బోరు వంశమే ఓబ్రియన్లు. రుమేనియన్ ‘ఎస్కు’, సెర్బియన్ ‘ఇచ్’ కూడా ఈ కోవవే. గ్రీకులో తోక చెప్పేది ప్రాంతం: ‘పులోస్’ అంటే పెలొపొనీస్ వైపు, ‘ఆకిస్’ అంటే క్రీట్, ‘ఇదిస్’ అంటే నల్లసముద్రం తీరంనుంచి వచ్చినవాళ్లు కావచ్చు. పేరు ముందు ‘పాపా’ ఉంటే పూర్వీకుడు పూజారి. అక్కడి చర్చిలో పెళ్లయినవాళ్లు పూజారులు కావచ్చు కాబట్టి పాపడోపులోస్, అంటే పూజారి కొడుకు, అక్కడ చాలా మామూలు పేరు.

వెల్ష్ పేర్లలో ఈ ముక్క దాక్కుని ఉంటుంది, అందుకే తరచూ దాటిపోతుంది. ‘అప్’ అంటే కొడుకు. అప్ రీస్‌ను గబగబా పలకండి: ప్రైస్. అప్ హవెల్ పావెల్ అయింది, అప్ హారీ పారీ, అబ్ ఎవాన్ (అచ్చు ముందు ‘అప్’ ‘అబ్’ అవుతుంది) బెవాన్. ప్రైస్ అనగానే వస్తువు ధర గుర్తుకొస్తే మళ్లీ కాటన్ కథే.

వృత్తి పేర్లలో వినడానికి తేలిగ్గా ఉండేవే బోల్తా కొట్టిస్తాయి. కవర్డ్ పిరికివాడు కాదు, ఆవులు కాసేవాడు. బార్కర్ కుక్కలా అరిచేవాడు కాదు, చెట్టుబెరడుతో తోళ్లు ఊనేవాడు. ఫార్మర్ పొలం దున్నేవాడు కాదు, శిస్తు వసూలును గుత్తకు తీసుకున్నవాడు. మార్షల్ సేనాని కాకముందు గుర్రాలు చూసుకునే పనివాడు. కింగ్, పోప్, బిషప్ లాంటివి వంశంలో రాజూ పోపూ ఉన్నారని చెప్పవు. ఆ ఠీవిగా నడిచేవాడనో, పండగ నాటకంలో ఆ వేషం కట్టేవాడనో పెట్టిన మారుపేర్లవి.

కమ్మరి పేరు మాత్రం ప్రతి భాషలోనూ గుర్తుపెట్టుకోండి, ఎక్కడికి వెళ్లినా ఎదురవుతుంది: ఇంగ్లిషులో స్మిత్, జర్మన్‌లో ష్మిట్, ఫ్రాన్స్ ఉత్తరాన లెఫెవ్ర్, దక్షిణాన ఫాబ్ర్, ఫోర్, ఇటలీలో ఫెరారీ, హంగరీలో కొవాచ్, రష్యాలో కుజ్‌నెత్సోవ్, ఎస్టోనియాలో సెప్. ఐరిష్ మాక్ గవన్ కొన్నిచోట్ల మెగొవన్ అయింది, కొన్నిచోట్ల ఏకంగా స్మిత్‌గా అనువాదమైంది. అనువాదమైన పేరు కనిపిస్తే అసలు భాషలోకి వెనక్కి వెళ్లాలి. మనకు తెలిసిన మౌంట్‌బాటెన్ పేరూ అలాంటిదే. జర్మనీలోని బాటెన్‌బెర్గ్ పేరులో కొండ అనే అర్థమున్న ‘బెర్గ్’ను ‘మౌంట్’ చేసి ముందుకు జరిపారు. జర్మనీతో యుద్ధం జరుగుతుండగా, 1917లో.

నాలుగో అడుగు: ఒక్కో తరం వెనక్కి నడవండి

నోటుబుక్కులో ఐదు గళ్లు గీసుకోండి: సంవత్సరం, ఊరు, రికార్డులో కనబడ్డ స్పెల్లింగు, రికార్డు పేరు, అనుమానం. స్పెల్లింగును ఉన్నదున్నట్టు ఎక్కించండి, మీరు సరిచేయకండి. ఒకే పాదిరి ఒకే కుటుంబంలోని ముగ్గురు పిల్లల బాప్తిస్మాలకు మూడు రకాలుగా రాయడం మామూలే. రాయించేవాడికి చదువురాదు, రాసేవాడు చెవికి వినబడిందే రాశాడు.

ఇంగ్లండులో ప్రభుత్వ జననమరణ నమోదు 1837 జులై 1న మొదలైంది, స్కాట్లండ్‌లో 1855లో, ఐర్లండ్‌లో 1864లో. ఫ్రాన్స్‌లో 1792 నుంచే ఉంది. అంతకుముందుకి చర్చి రిజిస్టర్లే దిక్కు. ఇంగ్లండులో అవి 1538లో రాజుగారి మంత్రి థామస్ క్రామ్‌వెల్ ఆదేశంతో మొదలయ్యాయి, కేథలిక్ దేశాల్లో 1563 నాటి ట్రెంట్ సభ (కేథలిక్ మతపెద్దల సభ) తీర్మానం తర్వాత ఊపందుకున్నాయి. ఫ్యామిలీసెర్చ్ సైట్‌లో ఉచిత ఖాతాతో చాలా దేశాల రిజిస్టర్లు చూడొచ్చు. ఇటలీకి అంతెనాతి, ఆస్ట్రియా, జర్మనీ కేథలిక్ పుస్తకాలకు మాట్రికులా, పోలండ్‌కు గెనెటెకా ఉచితం. స్కాట్లండ్ ప్రభుత్వ సైట్‌లో రికార్డు బొమ్మ చూడాలంటే డబ్బు కట్టాలి. ఐర్లండ్‌లో 1922లో డబ్లిన్ ఫోర్ కోర్ట్స్ భవనం మంటల్లో చాలా రికార్డులు కాలిపోయాయి. ఉచితంగా దొరికే 1901, 1911 జనాభా లెక్కలతో అక్కడ మొదలుపెట్టండి.

సైట్లలో వెతికేటప్పుడు స్పెల్లింగు తేడాలు దాటడానికి సౌండెక్స్ అనే పద్ధతి ఉంటుంది. 1918లో పేటెంటు పొందిన పాత పద్ధతే, ఇప్పటికీ పనికొస్తుంది. మొదటి అక్షరం ఉంచి, అచ్చులూ ‘హెచ్’, ‘డబ్ల్యూ’, ‘వై’ తీసేసి, మిగతా హల్లులకు అంకెలు వేస్తారు. స్మిత్‌లో ‘ఎమ్’కు 5, ‘టి’కి 3, మూడంకెలు నిండటానికి ఒక సున్నా: ఎస్-530. ష్మిట్‌లో ‘ఎస్’ పక్కనున్న ‘సి’కి కూడా అదే కోడు కాబట్టి కలిసిపోతుంది, ‘ఎమ్’కు 5, పక్కపక్కనున్న ‘డి’, ‘టి’ రెంటికీ కలిపి ఒక 3: మళ్లీ ఎస్-530. రెండు భాషల కమ్మరులూ ఒకే వెతుకులాటలో దొరుకుతారు. లోపం మొదటి అక్షరంలో ఉంది: ‘కె’తో రాసిన కోన్, ‘సి’తో రాసిన కోన్ ఎప్పటికీ కలవవు. అలాంటి పేర్లను రెండుసార్లు వెతకండి.

పాత చేతిరాతలో మూడు ఉచ్చులు. ఒకటి, మాట మధ్యలోని పొడుగు ‘ఎస్’ చూడటానికి ‘ఎఫ్’లా ఉంటుంది. రెండు, ఇంగ్లండులో 1752కు ముందు కొత్త సంవత్సరం మార్చి 25న వచ్చేది, కాబట్టి రిజిస్టరులో 1700 ఫిబ్రవరి అని ఉంటే మన లెక్కకు అది 1701. ఇది పట్టించుకోకపోతే పెళ్లికి ముందే బిడ్డ పుట్టినట్టు లేనిపోని అపవాదు తగులుతుంది. మూడు, స్కాట్లండ్‌లో ‘యొఖ్’ అనే అక్షరం ఉండేది. అచ్చువాళ్ల దగ్గర ఆ దిమ్మ లేక, చూపుకు దగ్గరగా ఉన్న ‘జెడ్’ పెట్టేశారు. మెకంజీలోని ‘జ’ అలా వచ్చిందే, మొదట అక్కడ పలికింది ‘య’కు దగ్గరి శబ్దం. మెంజీస్ అని రాసే పేరును పాత పద్ధతిలో మింగిస్ అనే పలుకుతారు.

అయిదో అడుగు: మ్యాపు మీద పరిచి చూడండి

నా లెక్కలో అన్నిటికంటే ఎక్కువ ఫలితమిచ్చే అడుగు ఇదే, ఎక్కువమంది వదిలేసేదీ ఇదే. బ్రిటన్ పేర్లకు 1881 జనాభా లెక్కల ఆధారంగా గీసిన మ్యాపులు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. పేరు ఒకేచోట గుంపుగా ఉంటే ఒక్క ఊళ్లో పుట్టినది కావచ్చు. దేశమంతా చల్లినట్టుంటే చాలాచోట్ల వేర్వేరుగా పుట్టినది.

వాకర్ పేరు తీసుకోండి. నడిచేవాడు అనే అర్థం తప్పు కాదు, కానీ నడిచేది దారి మీద కాదు, బట్ట మీద. మగ్గం దిగిన ఉన్నిబట్ట వదులుగా, జిడ్డుగా ఉంటుంది. దాన్ని తొట్టిలో వేసి, నీళ్లూ పాతబడిన మూత్రమూ పోసి, జిడ్డు పీల్చే మట్టి కలిపి గంటలతరబడి కాళ్లతో తొక్కేవారు. అప్పుడు ఉన్ని పోగులు ముడుచుకుని బట్ట దట్టమవుతుంది. ఆ మట్టి మన ఇళ్లలో ముఖానికి రాసుకునే ముల్తానీ మట్టి జాతిదే. ఇంగ్లిషులో దాన్ని ఈ పనివాడి పేరుతోనే ‘ఫుల్లర్స్ ఎర్త్’ అంటారు. పనివాడి పేరు మాత్రం ప్రాంతాన్నిబట్టి మారింది: ఉత్తర ఇంగ్లండులోనూ స్కాట్లండ్‌లోనూ వాకర్, ఆగ్నేయంలో ఫుల్లర్, నైరుతిన డెవన్, సోమర్సెట్ వైపు టక్కర్. పని ఒకటే, పేర్లు మూడు. డెవన్‌లో ఒక వాకర్ కనబడితే, ఆ కుటుంబం ఏదో తరంలో ఉత్తరాన్నుంచి దిగి వచ్చిందేమో ముందు చూడండి.

జర్మన్‌లో కుమ్మరితో ఇదే పరీక్ష చేయొచ్చు: దక్షిణాన హాఫ్నర్, తూర్పున టోప్ఫర్, హెస్సె, రైన్ ప్రాంతాల్లో ఆయ్లర్. పేరే జిల్లా చెప్పేస్తుంది.

వృత్తి పేరు వంశపారంపర్యం అయిందో లేదో తెలుసుకోవడానికి ఇంగ్లండులో 1377, 1379, 1381 తలపన్ను జాబితాలు పనికొస్తాయి. కొన్నిచోట్ల పేరు పక్కన పని కూడా రాశారు. ఇంటిపేరు టేలర్ అయి, పక్కన పని వేరేది ఉంటే, ఆ పేరు అప్పటికే తండ్రినుంచి దిగిందన్నమాట. పేరూ పనీ ఒకటే అయితే రెండు రకాలుగానూ కావచ్చు.

పేరు అర్థం కుటుంబం గురించి ఏమీ చెప్పని చోట్లు

నేపుల్స్‌లో ఎస్పొజితో అంటే ‘బయట వదిలేసిన బిడ్డ’, అనాథాశ్రమం గుమ్మంలో దొరికినవాళ్లకు పెట్టిన పేరు. మిలాన్‌లో కొలొంబో అంటే పావురం. అక్కడి ఆస్పత్రి చిహ్నం పావురం కావడంతో వదిలేసిన పిల్లలు ఆ పేరుతో పెరిగారు (కొలొంబోలందరూ అలా కాదు). స్వీడన్‌లో లిండ్‌స్ట్రోమ్, బెర్గ్‌స్ట్రోమ్ లాంటివి చెట్టూ ఏరూ, కొండా ఏరూ కలిపి అందంగా ఉందని పెట్టుకున్నవి. ఆ ఏరు కోసం మ్యాపులో వెతికితే దొరకదు. అక్కడి సైనికులకు సైన్యమే పొట్టి పేర్లిచ్చింది: రాస్క్ అంటే చురుకైనవాడు, మోదిగ్ అంటే ధైర్యవంతుడు. వృక్షశాస్త్రవేత్త లినేయస్ ఇంటిపేరు ఆయన తండ్రి తమ నేలమీదున్న పెద్ద లిండెన్ చెట్టు పేరున పెట్టుకున్నది. అంతకుముందు ఆ తండ్రి నీల్స్ ఇంగెమార్సన్, అంటే ఇంగెమార్ కొడుకు నీల్స్, అంతే.

గోవాలో ఫెర్నాండెస్, డిసౌజా, పెరేరా కనబడితే పోర్చుగీసు రక్తం అనుకోకండి. బాప్తిస్మమప్పుడు పాదిరిదో, జ్ఞానపితదో పేరు వచ్చేసింది. పేరుకు అర్థం ఉంది (పెరేరా అంటే పియర్ చెట్టు), ఆ చెట్టు మాత్రం ఆ కుటుంబానిది కాదు.

ఇంకో రెండు మాటలు డబ్బు మిగులుస్తాయి. ఇంటిపేరు చెబితే వంశచిహ్నం ముద్రించి అమ్మేవాళ్ల దగ్గర కొనకండి. ఇంగ్లండులో ఆ చిహ్నం ఒక మనిషికీ అతని వారసులకూ ఇచ్చేది, ఆ ఇంటిపేరున్న అందరిదీ కాదు. అలాగే ‘ఎల్లిస్ ఐలాండ్‌లో (అమెరికాకు వలసవచ్చినవాళ్లు దిగిన తనిఖీ రేవు) గుమస్తా మా తాత పేరు మార్చేశాడు’ అనే మాట నమ్మకండి. అక్కడి గుమస్తాలు ఓడ బయల్దేరిన రేవులో రాసిన జాబితా చూసి సరిపోల్చుకునేవారు, కొత్త పేర్లు రాసేవారు కాదు. మార్పు సాధారణంగా ఆ తర్వాత, ఉద్యోగం కోసమో ఇరుగుపొరుగు నోరు తిరగకో, సొంతవాళ్లే చేసుకున్నది. కాబట్టి మార్పుకు ముందు రూపం కోసం ఓడ జాబితా చూడండి.

ఆరో అడుగు: ఇప్పుడు నిఘంటువు, ఆ తర్వాత మీ రాత

ఇంటిపేర్ల నిఘంటువు మంచిదో కాదో ఒక్క పేరు తీసి చూస్తే తెలుస్తుంది. పాత రూపం, సంవత్సరం, జిల్లా మూడూ ఇస్తే నమ్మొచ్చు. ‘ధైర్యవంతుల వంశం’ అని మాత్రమే ఉంటే మూసేయండి. నిఘంటువు ఇచ్చిన పాత రూపాల్లో మీ పట్టికలో ఉన్న అన్నిటికంటే పాత స్పెల్లింగుకు, ఊరికి దగ్గరగా ఏది ఉందో అదే మీ కుటుంబానికి వర్తించేది. మొదట రాసిన అర్థమని దాన్నే ఎత్తుకోకండి.

ఫలితాన్ని ఇలా రాసిపెట్టండి: ‘వాకర్. వృత్తి. ఉన్నిబట్ట తొక్కేవాడు. యార్క్‌షైర్. మనకు దొరికిన మొదటి రూపం, సంవత్సరం, రిజిస్టరు పేరు. ఖాయం, లేదా బహుశా.’ బ్రౌన్ విషయంలోలా రెండు మూలాలు మిగిలి, ఒకదాన్ని కొట్టేయడానికి రికార్డు దొరక్కపోతే రెండూ రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టండి. ఇంగ్లండులో 1538కి ముందు మామూలు పల్లెటూరి కుటుంబాన్ని తరం తరంగా పట్టుకోవడం అరుదు కాబట్టి, ఆ ప్రశ్నార్థకం చాలాసార్లు అక్కడే ఉండిపోతుంది.